అడ్డపొగ తాగే అమ్మల నోళ్లు చూడండి

అయ్యా,

మా శ్రీకాకుళం జిల్లా తీరపల్లెల్లో చాలామంది పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని పీలుస్తారు. దీన్నే అడ్డపొగ అంటాం. గాలికి చుట్ట ఆరిపోదని మా అమ్మమ్మ అలాగే కాలుస్తూ చేపలు ఎండబెట్టేది. ఆమె అంగిలి మీద తెల్లటి మచ్చ, అందులో ఎర్రటి చుక్కలు ఉండేవి. నొప్పి లేదు కదా అని ఎవరం పట్టించుకోలేదు. పుండు పడి, గంజి కూడా మింగలేని స్థితి వచ్చాకే ఆస్పత్రికి తీసుకెళ్లాం. అది నోటి క్యాన్సర్ అని తేలింది, అప్పటికే ఆలస్యమైపోయింది.

నొప్పి లేకపోతే క్యాన్సర్ ఎలా అవుతుందని ఇప్పటికీ అందరూ అడుగుతారు. మొదట్లో చాలాసార్లు నొప్పి ఉండదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు సరిగా తెరుచుకోకపోవడం కనిపిస్తే డాక్టరుకు చూపించాల్సిందే. ఇది అంటుకునే జబ్బు కాదు, కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు. తొలిదశలో పట్టుకుంటే చాలామందికి నయమవుతుంది.

30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉన్నాయి. నోరు చూడటానికి టార్చిలైటు చాలు. కానీ మా ఊరి శిబిరంలో బీపీ, షుగర్ చూసి పంపించేశారు. మన పెద్దవాళ్లు చుట్ట సంగతి తమంతట తాము చెప్పరు, సిగ్గు. సిబ్బందే అడగాలి. కట్టుడు పళ్లు తీయించి, అంగిలి మీద వెలుగు వేసి చూడాలి. శిబిరాలు చేపల అమ్మకం ముగిశాక, మధ్యాహ్నం పెట్టించమని అధికారులను వేడుకుంటున్నాను.

- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా