గేటు ఉన్న ప్రతి ఇల్లూ గేటెడ్ కాదు: అద్దె ఇళ్ల సంస్థకు ఫిర్యాదు లేఖ

హైదరాబాద్,
2025 జూన్ 3.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: డబ్బు కట్టించుకుని చూపిన ఇళ్లు మీ యాప్‌లోని వివరాలకు విరుద్ధంగా ఉండటం, రూ. 5,900 వాపసు గురించి.

అయ్యా,

ఏప్రిల్ 12న మీ యాప్‌లో రూ. 5,000 ప్లాన్ తీసుకుని, 18 శాతం జీఎస్టీతో కలిపి రూ. 5,900 చెల్లించాను. మీ సిబ్బంది స్వయంగా వెళ్లి చూసి నిర్ధారించుకున్న గేటెడ్ కమ్యూనిటీ (చుట్టూ ప్రహరీ, కాపలా, ఉమ్మడి సదుపాయాలు ఉన్న నివాస సముదాయం) ఫ్లాట్లనే, బ్రోకర్ల ప్రమేయం లేకుండా నేరుగా ఓనర్ల ద్వారా, నలభై ఐదు రోజుల్లోగా చూపిస్తామని ఆ ప్లాన్ పేజీలో రాసి ఉంది. గడువు మే 27తో ముగిసింది. మీరు పంపినవి ఆరు ఫ్లాట్లు. మీరు రాసినదానికీ అక్కడ ఉన్నదానికీ పొంతన కుదిరినది వాటిలో ఒక్కటీ లేదు.

నేను అడిగినది గొంతెమ్మ కోరిక కాదు. మెయింటెనెన్స్‌తో కలిపి రూ. 28,000 లోపు, మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి ప్రాంతాల్లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ కావాలన్నాను. గచ్చిబౌలి, నల్లగండ్ల వైపు ఆ డబ్బుకు దొరకదని తెలిసే అటు వెతకలేదు. నా ఆఫీసు అమీర్‌పేటలో కాబట్టి మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే రైలు మారే పని కూడా ఉండదు. గేటెడ్‌లోనే కావాలని పట్టుబట్టింది హోదా కోసం కాదు. డెబ్బై రెండేళ్ల మా అమ్మకు నిరుడు మోకాలి ఆపరేషన్ అయింది. కరెంటు పోయినా నడిచే లిఫ్టు, ఆమె సాయంత్రం పూట బండ్ల భయం లేకుండా నాలుగు అడుగులు వేసే చోటు, ఎనిమిదేళ్ల మా అబ్బాయి ఆడుకోవడానికి కాస్త జాగా ఉంటే చాలు. ఈత కొలను, జిమ్ మాకు అక్కర్లేదని మీ రిలేషన్‌షిప్ మేనేజర్‌కు మొదటి ఫోన్‌లోనే చెప్పాను.

నిజాంపేటలో చూపిన ఇంటి సంగతి వివరంగా రాయక తప్పదు. మీ యాప్‌లో దాని పక్కన ‘గేటెడ్’, ‘వెరిఫైడ్’ అనే రెండు ఆకుపచ్చ గుర్తులు ఉన్నాయి. వెళ్లి చూస్తే అది పది ఫ్లాట్లున్న ఐదంతస్తుల విడి అపార్ట్‌మెంటు, అంటే ఈ ఊళ్లో అందరూ స్టాండలోన్ అని పిలిచేది. గేటు ఉన్నమాట నిజమే. తుప్పు పట్టిన ఇనుప గేటు, దానికి ఒక గొలుసు, మెట్ల కింద వాచ్‌మన్ కుటుంబం ఉండే గది, కారు పార్కింగులో ఈ చివర నుంచి ఆ చివరకు బట్టలారేసిన తాడు. అమ్మ కూడా చూస్తానంటే వెంట తీసుకెళ్లాను. మేము నాలుగో అంతస్తులో వంటగది కొలతలు చూసుకుంటుండగా కరెంటు పోయింది. జనరేటర్ లేదని అప్పుడు తెలిసింది. ఇరవై నిమిషాలు చూసి, ఇక రాదని, నేనూ వాచ్‌మన్ భార్యా చెరోపక్క పట్టుకుని అమ్మను మెట్ల మీదుగా కిందికి దించాము. మీ సిబ్బంది నిజంగా వచ్చి చూసి ఉంటే యాప్‌లో లిఫ్టు అన్న మాట పక్కన ‘పవర్ బ్యాకప్: పూర్తిగా ఉంది’ అని ఎలా రాశారో నాకు అర్థం కావడం లేదు.

బాచుపల్లిలోది నిజమైన గేటెడ్ కమ్యూనిటీయే. అయితే అద్దె రూ. 26,000 అని చూపించారు గానీ మెయింటెనెన్స్ మాట ఎక్కడా లేదు. చదరపు అడుగుకు రూ. 3.50 చొప్పున 1,250 అడుగులకు నెలకు మరో రూ. 4,375 కట్టాలని ఓనరు చెప్పారు. (ఆ 1,250లో మెట్లు, లాబీ, లిఫ్టు వాటా కూడా కలిసి ఉంటుంది, ఇంట్లో చాప పరుచుకోగలిగేది అందులో ఎంతో చూసినవారికే తెలుస్తుంది.) మొత్తం రూ. 30,375 అయింది. నా పరిమితిని మెయింటెనెన్స్‌తో కలిపే చెప్పినప్పుడు, మెయింటెనెన్స్ తీసేసిన అంకెతో ఆ ఇంటిని నా ముందు పెట్టడాన్ని పొరపాటు అనుకోలేకపోతున్నాను. ఆ రోజు ఆఫీసుకు పెట్టిన సెలవు కూడా వృథా అయింది.

మియాపూర్‌లో చూపినదాంట్లో ఉగాదికే వేరేవాళ్లు దిగారు. ఈ వారంలో ఇలా వచ్చినవాళ్లలో నేను ఐదోదాన్నని అక్కడి సెక్యూరిటీ గార్డు అన్నాడు. ఇంకోచోట తలుపు తీసినాయన ఓనరు కాదు, పదిహేను రోజుల అద్దె కమిషన్‌గా అడిగిన బ్రోకరు. మిగిలిన రెంటి ఓనర్లు ఫోనే ఎత్తలేదు.

రెండుసార్లు యాప్‌లో ఫిర్యాదు నమోదు చేశాను. రెండుసార్లూ ఎవరూ నాతో మాట్లాడకుండానే ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లోగా తెలియజేసి, నెల రోజుల్లోగా పరిష్కరించవలసిన బాధ్యత మీ మీద ఉంది. లేని సదుపాయాలను ఉన్నట్టు చూపడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుందని నా ఉద్దేశం. అందువల్ల నేను కట్టిన రూ. 5,900 పూర్తిగా వాపసు చేయండి. ప్లాన్‌ను మరో నెల పొడిగిస్తామని మీ మేనేజర్ ఫోన్‌లో చెప్పిన ప్రతిపాదన నాకు సమ్మతం కాదు. జూన్ 12న బడులు తెరుస్తారు, ఆలోగా ఇల్లు మారాలి కాబట్టి బీరంగూడలో ఒక టు-లెట్ బోర్డు చూసి మేమే మాట్లాడుకున్నాము. నిజాంపేట ఇంటికి తగిలించిన ఆ రెండు ఆకుపచ్చ గుర్తులను కూడా వెంటనే తొలగించి, ఎవరు ఏ తేదీన ఆ ఇంటిని పరిశీలించారో రాతపూర్వకంగా తెలియజేయండి.

నెలలోగా సమాధానం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపైన నేను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. రూ. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము కూడా ఉండదు.

చెల్లింపు రసీదు, ఆరు ఇళ్ల స్క్రీన్‌షాట్లు, నిజాంపేటలో నేను తీసిన ఫొటోలు జతచేస్తున్నాను. డబ్బును యూపీఐ ద్వారా చెల్లించిన ఖాతాకే తిరిగి పంపగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
మీ ప్లాన్ కొనుగోలుదారు