మా జంతికల నూనె గురించి ఖాతాదారులకు

గత నెలలో మా పిండివంటల అంగడికి వచ్చిన ఒకావిడ జంతికల పొట్లం వెనకనున్న చీటీ చదివి, "ఈ పామోలిన్ ఏ అడవిని కొట్టి వేసిన తోటలోదండీ?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. మా నూనె వర్తకుణ్ణి అడిగితే, ఇండోనేషియా సరుకనీ, కాకినాడలో శుద్ధి చేసిందనీ మాత్రమే చెప్పగలిగారు. 15 కిలోల డబ్బా మీద అంతమాత్రం కూడా లేదు.

ఆ తరువాత కొంత చదివాను. సుమత్రా దీవిలోని రియావ్ రాష్ట్రంలో ఏనుగులు తిరిగే టెస్సో నీలో అడవిని 2004లో జాతీయ వనంగా ప్రకటించినప్పటికీ, దానిలో అధిక భాగాన్ని నరికి, పామోలిన్‌కు మూలమైన ఆయిల్ పామ్ చెట్లు వేశారు. కోసిన గెల ఒకటి రెండు రోజుల్లో మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది కనుక, దళారులు వనంలో కోసిన గెలలనూ, పట్టా భూముల్లో కోసిన గెలలనూ కలిపే తోలుతారు. ఒకసారి మిల్లులో పిండిన తరువాత ఏ చుక్క ఎక్కడిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. నాకు జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

మా అంగడిలో వేరుశెనగ నూనె మానేసి పామోలిన్‌కు మారినది చవక కోసమే. ఆ సంగతి మీకు అప్పుడు చెప్పలేదు. అది మా తప్పు.

ఇకపై జంతికలు, చేగోడీలు, కారప్పూస వేరుశెనగ నూనెలోనే వండుతాము. కిలోకు 40 రూపాయలు పెరుగుతుంది. మడత కాజాలకు ఆ నూనె వాసన అంటుతున్నందున వాటికి మాత్రం పామోలినే వాడుతున్నాము. దీనితో అడవిని కాపాడుతున్నామని చెప్పుకోలేను, ఎందుకంటే హెక్టారుకు మూడు నాలుగు టన్నుల నూనెనిచ్చే ఆయిల్ పామ్‌కు బదులు, టన్నుకు లోపే ఇచ్చే వేరుశెనగకు అందరూ మారితే, అంత నేల ఎక్కడినుంచి వస్తుంది? మన ఏలూరు జిల్లాలో పాత సాగుభూముల్లో వేసిన తోటల నూనెనే విడిగా ఇమ్మని కూడా అడిగాను. శుద్ధి చేసేచోట దిగుమతి నూనెతో కలవదని హామీ ఇవ్వలేనని వర్తకుడు అన్నారు.

పామోలిన్‌లో వండిన జంతికలు సుమారు 30 కిలోలు మిగిలాయి. నూనె పేరు పెద్ద అక్షరాలతో చీటీ మీద రాయించి, పాత ధరకే ఇస్తున్నాము.