ఏ బండి తీసుకోమంటావు నాన్నా

షెఫీల్డ్, ఇంగ్లండ్,
మార్చి

నాన్నా,

మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడు చెప్పాడు. సంతోషం. మెట్లు ఎక్కడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకు.

కారు సంగతి ఫోన్‌లో చెప్పబోతే అమ్మ మధ్యలో అందుకుని, "ఇద్దరే పట్టే కారేంటే, మేమొస్తే డిక్కీలో కూర్చోబెడతావా?" అంది. ఆ మాట మీదే ఫోన్ అయిపోయింది. "అన్నీ వివరంగా రాయి, చూసి చెప్తా" అన్నావు కాబట్టి రాస్తున్నా. అమ్మకి ముందే చెప్పు, ఇంట్లో ఉన్న ఐదు సీట్ల కారు ఎక్కడికీ పోదు. ఇది శనాదివారాల బండి. పైగా నేను చూసిన రెండింట్లో ఒకదానికి అసలు డిక్కీయే లేదు.

రెండూ జపాన్ బళ్లే. రెండూ ఇరవయ్యేళ్లు దాటినవే. ఒకటి మాజ్డా ఎంఎక్స్-5, 2003 మోడల్. రెండోది టొయోటా ఎంఆర్2, 2004 మోడల్. రెండింటి పైకప్పూ గుడ్డదే, వెనక్కి మడిచేయొచ్చు. రెండింటికీ 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజనే, బలం 140 హార్స్‌పవర్‌కి అటూఇటూ. మాజ్డా బరువు 1,100 కిలోల దగ్గర, టొయోటా టన్నుకి అటూఇటూ. ఇదేం తేలిక అంటావేమో. మన మారుతి 800 దాదాపు 650 కిలోలే కదా! కానీ ఈ రోజుల్లో ఇక్కడ కొత్త కార్లు చాలావరకు ఒకటిన్నర టన్నుల దాకా ఉంటున్నాయి, పెద్ద బ్యాటరీ కార్లయితే రెండు టన్నుల దాకా. వాటి పక్కన ఇవి గాల్లో తేలే బళ్లు.

"బరువుంటేనే రోడ్డు పట్టుకుంటుంది" అని నువ్వంటావని తెలుసు. మీ డిపో బస్సుకి ఆ మాట చెల్లుతుందేమో గానీ, కొండదారిలో మలుపు మలుపుకీ బ్రేకు నొక్కి, గేరు మార్చి, మళ్లీ లాగించే బండికి చెల్లదు. ఆపాల్సింది తక్కువ, తిప్పాల్సింది తక్కువ. టైర్లూ బ్రేకులూ ఎక్కువ కాలం వస్తాయి. మా ఊరి నుంచి పడమటికి స్నేక్ పాస్ అని కొండదారి ఉంది, గ్లాసప్ వైపు దిగుతుంది. అటు బక్స్‌టన్ దాటితే క్యాట్ అండ్ ఫిడిల్ రోడ్డు. దాని మీద కెమెరాలు పెట్టి వేగాన్ని గంటకి 50 మైళ్లకి కట్టేశారు. అయినా బాధ లేదు, ఈ బళ్లతో సరదా అంతా 40 మైళ్లలోనే ఉంది, అంటే మన లెక్కలో 65 కిలోమీటర్లు. ఢీకొంటే మాత్రం కొత్త కారిచ్చేంత రక్షణ ఇవి ఇవ్వవు. అది నీకు తెలియంది కాదు. ఈ మాట అమ్మకి చదివి వినిపించకు.

ముందు మాజ్డా సంగతి. 1960ల నాటి లోటస్ ఎలాన్‌లాంటి ఇంగ్లీషు బళ్లని చూసి ముచ్చటపడి, అదే సుఖాన్ని ఆయిల్ కారకుండా ఇద్దామని జపాన్ వాళ్లు చేసిన బండి. 1989లో చికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు, 2016కల్లా పది లక్షలు తయారయ్యాయి. ఇంజన్ ముందు, చక్రాలు తిరిగేది వెనక. గేర్ రాడ్డు బెత్తెడు కూడా కదలదు, మణికట్టుతో వేసేయొచ్చు. బరువు ముందూ వెనకా సమంగా ఉంటుంది కాబట్టి తడి రోడ్డు మీద వెనక చక్రం జారినా చెప్పి జారుతుంది, సర్దుకునే టైమిస్తుంది. 60 వేల మైళ్లకోసారి ఇంజన్ వాల్వులని టైముకి ఆడించే టైమింగ్ బెల్ట్ మార్చాలి, అంతకుమించి ఇంజన్‌కి పెద్ద రోగాల్లేవు. డిక్కీలో సూట్‌కేసు పడుతుంది, పది కిలోల సోనామసూరి బస్తా కూడా. ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని ఎంఎక్స్-5 కొనుక్కోమనే చెప్తా. విడిభాగాలు దొరకనిది లేదు, బాగుచేయనివాడు లేడు.

మరి నేనెందుకు ఆగానంటే, తుప్పు. ఇక్కడ చలికాలం అంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఈ బండికి గుమ్మాల కింద పొడుగునా ఉండే సిల్లు వెనక చివర పుచ్చిపోతుంది. ఎందుకో చెప్తా, నీకు నచ్చుతుంది. గుడ్డ కప్పు మీద పడిన వాన సీట్ల వెనక రెండు మూలల్లో ఉన్న కన్నాల్లోకి దిగి, గొట్టంలోంచి వెనక చక్రం ముందర కిందికి కారిపోవాలి. ఆ కన్నంలో ఆకులూ అలమలూ ఇరుక్కుంటే నీళ్లు సిల్లులోకి పోతాయి. బయటినుంచి పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల్నుంచి తినేస్తుంది. ఈ 1998 తర్వాతి మోడల్‌కైతే ముందువైపు ఛాసిస్ కమ్మీలూ అంతే, రేకు రెండు పొరలుగా ఉంటుంది, మధ్యలో తడి చేరితే ఇక అంతే సంగతులు.

బండి చెస్టర్‌ఫీల్డ్‌లో ఒక పెద్దాయనది. 2,800 పౌండ్లు చెప్పాడు, మన లెక్కలో మూడు లక్షల పైచిలుకు. ఎర్ర రంగు, సీట్లు చెక్కుచెదరలేదు. అడిగి, సీటు వెనక కార్పెట్ మూల ఎత్తి చూశా. కన్నం నిండా పైన్ ఆకులు, నల్లగా కుళ్లి పేడలా ఉన్నాయి. నా చేతిలోని సీసాలో నీళ్లు కొంచెం పోసి వంగి కింద చూశా. చుక్క పడలేదు. కాసేపటికి చక్రం దగ్గర కాకుండా, గుమ్మం మధ్యలో అతుకు దగ్గర ఒక తడి గీత కనబడింది. స్క్రూడ్రైవర్ వెనకవైపుతో సిల్లు పొడుగునా తట్టుకుంటూ వచ్చా, నువ్వు డిపోలో పిట్‌లోకి దిగి స్పానర్‌తో తట్టేవాడివి చూడు, అలాగే. ముందంతా ఖంగుమంది. వెనక జానెడు మేర శబ్దమే లేదు. అక్కడ కొత్తగా నల్లటి తారులాంటి పూత దట్టంగా పూసి ఉంది. పైన పటారం, లోన లొటారం.

ఇక్కడ ఒక మంచి సదుపాయం ఉంది నాన్నా. మూడేళ్లు దాటిన ప్రతి కారుకీ ఏటా ఎంఓటీ అని పరీక్ష చేయిస్తారు, మన ఎఫ్.సి. లాంటిది. నంబర్ ప్లేటు కొడితే చాలు, ఆ బండి ఏ ఏడు పాసైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, అన్నీ సర్కారు వెబ్‌సైట్లో పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. ఈ మాజ్డాకి వరసగా సిల్లు తుప్పని హెచ్చరికలున్నాయి, పోయినేడు మాత్రం ఏమీ లేదు. తుప్పు తనంతట తాను మానదు కదా, పూత కింద దాక్కుంది. పెద్దాయన మోసగాడని అనను, ఎవరో మెకానిక్ పూసిచ్చింది ఆయన నమ్మి ఉంటాడు. రెండు వైపులా కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయిస్తే బండి ధరలో సగం దాకా అవుతుందని నా అంచనా.

ఇక టొయోటా. ఎంఆర్2ల్లో ఇది మూడో తరం, 1999 నుంచి 2007 దాకా చేశారు. ఇంజన్ సీట్ల వెనక, వెనక ఇరుసుకి ముందర అడ్డంగా ఉంటుంది. మీ గరుడ వోల్వోలకి ఇరుసు వెనక ఉంటుంది కదా, అలా కాదు. దీనికి టైమింగ్ బెల్ట్ లేదు, చైనే. ఇదే ఇంజన్‌ని లోటస్ వాళ్లు 2006లో తమ ఎలీజ్ అనే స్పోర్ట్స్ కారుకి పెట్టుకున్నారంటే చూడు, ఆ బండి కొనాలంటే మనకి దీనికి ఎన్నో రెట్లు కావాలి.

కానీ దీనికో మాయరోగం ఉంది. తొలి ఏళ్లలో వచ్చిన ఇంజన్లకి పిస్టన్ రింగులు సరిగ్గా పనిచేయక ఆయిల్ తాగేవి. ఇంజన్ పొగ బయటికొచ్చే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్‌లో ఇంజన్‌ని అంటిపెట్టుకుని, ఆ పొగని శుభ్రం చేసే రెండు చిన్న క్యాటలిస్ట్‌లు ఉంటాయి, లోపల పింగాణీ జల్లెడ. ఆయిల్ పొగకి ఆ జల్లెడ పొడిపొడై, ఆ పొడి మళ్లీ సిలిండర్లోకే పోయి గోడలు గీరేస్తుంది. అప్పుడు ఆయిల్ ఇంకా తాగుతుంది, జల్లెడ ఇంకా రాలుతుంది. చివరికి ఇంజన్ చేతికొస్తుంది. 2003 మోడల్ నుంచి ఆరు గేర్లు పెట్టారు, ఆపాటికి పిస్టన్లూ మార్చారు. నేను చూసింది ఆ తర్వాతిదే.

ఇది స్టాక్‌పోర్ట్‌లో ఒక కుర్రాడిది, 3,600 పౌండ్లు. "నేనొచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పా. వెళ్లగానే ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టా, చల్లగానే ఉంది. స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడ్డా, నీలిపొగ రాలేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పైగీత దగ్గరే ఉంది. వేళ్ల మధ్య రాసి చూశా, గరుకు తగల్లేదు. ఆ చిన్న క్యాటలిస్ట్‌లున్న మేనిఫోల్డ్‌నే తీసేసి అవి లేనిది బిగించాడు, పాతది గరాజ్‌లో అట్టపెట్టెలో ఉంచాడు. టార్చి వేసి చూశా, జల్లెడ ఇంకా చెక్కుచెదరలేదు, అంటే రాలక ముందే తీశాడు. పెద్ద క్యాటలిస్ట్ కింద అలాగే ఉంది కాబట్టి పొగ పరీక్ష పాసవుతోంది. వెనక చక్రాల భాగాల్ని మోసే ఇనుప చట్రం, సబ్‌ఫ్రేమ్ మీద పైపై తుప్పుంది. తట్టాను, ఖంగుమంది.

ఫోన్‌లోనే ఒక పూటకి ఇన్సూరెన్స్ తీసుకుని నడిపి చూశా. ముందు బరువు లేదేమో, స్టీరింగ్ ఇలా అంటే అలా తిరుగుతుంది. వెనకనుంచి ఇంజన్ మోత మెడ మీద ఊదినట్టుంటుంది. భయమూ లేకపోలేదు. తడి మలుపులో ఉన్నట్టుండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావా, వెనక బరువు విసురుకొచ్చి బండి గిర్రున తిరుగుతుంది, మాజ్డాలా చెప్పి జారదు. మంచి టైర్లు వేయించి, వానలో బుద్ధిగా నడపాలి. సామాను పెట్టడానికి సీట్ల వెనక తాళం వేసే రెండు అరలూ, ముందు బానెట్ కింద స్టెప్నీ పక్కన కాస్త చోటూ, అంతే. రాత్రి ఎక్కడైనా ఉండి రావాలంటే చేతిసంచితో సరిపెట్టుకోవాలి. నీ అల్లుడు దీన్ని చూసి, "నా బూట్లు ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. ఆయనకి కారంటే ఆఫీసుకి చేర్చే పెట్టె.

పేరు చూస్తే మాజ్డా మేలు. ఎదురుగా ఉన్న ఇనుమును చూస్తే టొయోటా. నాకు దీనివైపే లాగుతోంది. 3,300కి దిగుతాడనిపిస్తోంది. చలికాలం నాలుగు నెలలూ రోడ్డెక్కించకుండా పెట్టి, ఎక్కించడం లేదని సర్కారుకి రాసిస్తే ఆ నెలల టాక్స్ కూడా వెనక్కి వస్తుంది. అద్దెకి గరాజ్ చూసిపెట్టుకున్నా.

నువ్వు చెప్పాల్సింది ఒకటే. ఆ సబ్‌ఫ్రేమ్ ఫొటోలు తమ్ముడి ఫోన్‌కి పంపించా. ఎడమవైపు బుష్ దగ్గర ఒకచోట రేకు పొర లేచినట్టుంది, పెద్దది చేసి చూడు. గీకి పూత పూస్తే ఆగుతుందా, ఇప్పుడే కొత్త ఫ్రేము వేయించాలా? కొత్తదే అయితే ధర ఇంకా తగ్గించమంటా. కుర్రాడు శనివారం దాకా ఇంకెవరికీ ఇవ్వనన్నాడు, శుక్రవారం రాత్రిలోపు ఫోన్ చెయ్యి. అమ్మ పడుకున్నాక చేస్తే ఇంకా మంచిది.

నీ కూతురు,
పద్మ