మూడు పరమాణువుల కోసం తొమ్మిదేళ్లు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా పదో తరగతి పిల్లాడు కొత్తగా కొన్న బిట్ల పుస్తకం చూపించాడు. అందులో ప్రయోగశాలలో తయారుచేసే 113వ మూలకానికి ఇంకా ఉనున్‌ట్రియం అనే తాత్కాలిక పేరే ఉంది. నిహోనియం అన్న పేరు 2016 నవంబరులోనే ఖాయమైంది, ఇన్నేళ్లయినా దిద్దకపోతే పిల్లలు మార్కులు పోగొట్టుకోరా? నేను దిద్దుతుంటే వాడు, "రెప్ప వేసేలోపు పోయేదాన్ని అంత కష్టపడి చెయ్యడం దేనికి టీచర్?" అన్నాడు. దీనికి జవాబు మీ సైన్స్ పేజీలో రావాలి.

జపాన్‌లో, టోక్యో దగ్గర వాకోలో ఉన్న రైకెన్ సంస్థలో కొసుకె మొరిత బృందం 2003లో ఈ పని మొదలుపెట్టింది. జింక్‌లో ప్రోటాన్లు 30, బిస్మత్‌లో 83, కలిపితే 113. కూడిక సులువే, కానీ రెండు కేంద్రకాలూ ధనావేశమే కాబట్టి తోసేసుకుంటాయి, అందుకని జింక్ అయాన్లను కాంతి వేగంలో పదో వంతు వేగంతో, సెకనుకు రెండు లక్షల కోట్లకు పైగా, పలచటి బిస్మత్ పూత మీదికి వదిలారు. 2004 జులై 23న ఒక్క పరమాణువు దొరికింది. 2005 ఏప్రిల్ 2న ఇంకొకటి. ఆ తర్వాత ఏడేళ్లు ఏమీ లేదు! గుడికి వెళ్లినప్పుడల్లా మొరిత 113 యెన్లు కానుక వేసేవారట, ఆ ఎదురుచూపు తలచుకుంటే నాకు కళ్లు చెమరుస్తాయి. మూడోది 2012 ఆగస్టు 12న వచ్చింది. ఆరు ఆల్ఫా కణాలు (ఒక్కోదానిలో రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు) వరసగా వదులుతూ 101వ మూలకమైన మెండెలీవియం-254 (254 అంటే ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపిన సంఖ్య) దాకా దిగింది. మధ్యలో వచ్చిన కేంద్రకాలు కొన్ని ముందే తెలిసినవి కావడంతో, పిల్లలను చూసి తండ్రిని ఆనవాలు పట్టినట్టు, అది నిహోనియం-278 అని తేల్చారు.

దాని అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షీణించడానికి పట్టే సమయం, సుమారు రెండు మిల్లీసెకన్లే. కానీ ఎనిమిది న్యూట్రాన్లు ఎక్కువున్న నిహోనియం-286 దాదాపు పది సెకన్లు ఉంటుంది, అంటే కొన్ని వేల రెట్లు. న్యూట్రాన్లు ఇంకా పెరిగితే ఎంతసేపు నిలుస్తుంది, అసలు కేంద్రకం ఎన్ని ప్రోటాన్లను పట్టి ఉంచగలదు అన్నది తెలుసుకోవడానికే ఇదంతా. పిల్లాడికి అదే చెప్పాను. దయచేసి ఈ కథ వివరంగా వేయండి, బిట్ల పుస్తకాలు వేసేవాళ్లు కూడా చదువుతారు.

వాడి పుస్తకంలో పాత పేరు కొట్టేసి నిహోనియం అని రాసిచ్చాను. పక్కనే 2004, 2005, 2012 అని వాడే రాసుకున్నాడు.

– ఒక సైన్స్ టీచరు, తెనాలి