ఎన్ని హార్సులని అడిగేవారి గురించి శైలజకు

చిరంజీవి శైలజకు,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది, చిన్నత్త వచ్చి నాలుగు రోజులుండి వెళ్లింది. నీ క్షేమం నువ్వు తెలియజేస్తే తెలుస్తుంది. ఫోను చేసినప్పుడల్లా ‘పనిలో ఉన్నాను, మళ్లీ చేస్తాను’ అని మెసేజి వస్తోంది తప్ప ఆ ‘మళ్లీ’ మాత్రం రావడం లేదు. దానికి నేనేమీ అనుకోవడం లేదు. ఉద్యోగమన్నాక పని ఉంటుంది. తీరికగా కూర్చున్నాను గనుక ఇంజన్ల గురించి నాలుగు మాటలు వ్రాద్దామనిపించి మొదలుపెట్టాను, అంతకంటే ఏమీ లేదు.

సూరి మొన్న వచ్చాడు. మీ షోరూములో లారీ కొన్న ఒకాయన పదిమందిలో నీ మీద కేకలు వేశాడనీ, కొత్త బండి డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగి లాగడం మానేసిందనీ, ‘ఆ అమ్మాయి లేనిపోనివి చెప్పి అంటగట్టింది’ అన్నాడనీ మాటల మధ్యలో చెప్పాడు. సూరి చెప్పినదానిలో సగం తీసేసి వినాలన్న సంగతి మనింట్లో అందరికీ తెలిసిందే. మిగిలిన సగమైనా ఎంతవరకు నిజమో నువ్వే చెప్పాలి. అమ్మ దగ్గర నేను ఆ ప్రస్తావన తేలేదు, నువ్వూ తేవద్దు.

అది అలా ఉంచు. నేను చెప్పదలచుకున్నది వేరు. బండి కొనడానికి వచ్చినవారు మొట్టమొదట అడిగేది ‘ఎన్ని హార్సులు?’ అనే కదా. మీరు 250 అంటారు. పక్క కంపెనీవారు 220 అన్నారు గనుక మీదే గట్టి బండి అని ఆయన తలూపుతాడు. ఆ 250 ఏ ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగినప్పుడు, వస్తుందని ఆయన అడగడు, మీరు చెప్పరు. అసలు ఆ కొలత పుట్టిందే అమ్మకం కోసం. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రం ఎన్ని గుర్రాల పెట్టు పని చేస్తుందో గుర్రాలతో పని చేయించుకునేవారికి అర్థమయ్యేలా చెప్పడానికి ఆ లెక్క కట్టాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న మెట్రిక్ హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపే పని. కొలతలో తప్పేమీ లేదు, అమ్మేవారూ కొనేవారూ దాన్ని బండి బలంగా భావించడంలోనే ఉంది చిక్కంతా.

కాగితం తీసుకుని ఒక్కసారి లెక్క వేసి చూడు. టార్కును, అంటే ఇంజను మెలితిప్పే బలాన్ని, న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో హెచ్చించి, 7024తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. 900 న్యూటన్ మీటర్ల టార్కును 1200 నుంచి 1700 ఆర్‌పీఎం వరకు ఇచ్చే ఇంజనైతే, 1200 దగ్గర దాని శక్తి దాదాపు 154 హార్సులు, 1700 దగ్గర సుమారు 218. బ్రోచరు మీది 250 రావాలంటే దాన్ని 2300 వరకు తిప్పాలి, అప్పటికి టార్కు 763కు దిగిపోయి ఉంటుంది. డీజిలు పొదుపు చేయమని యజమాని చెప్పి పంపిన డ్రైవరు ఆర్‌పీఎం ముల్లును ఆకుపచ్చ గీత దాటనివ్వడు. అంటే ఆయన డబ్బు పోసి కొన్న ఆ పై హార్సులు అటక మీది గొడుగులా ఉండిపోతాయి.

ఇది చెప్పగానే మరో రకం మేధావులు బయలుదేరి, హార్స్‌పవర్ వట్టి మాట, టార్కే సర్వస్వం అంటారు. వారిదీ పొరపాటే. టార్కును గేర్లతో ఎన్నింతలైనా పెంచుకోవచ్చు, శక్తిని మాత్రం గేర్లు ఒక్క పిసరు కూడా పెంచలేవు, పైగా రాపిడిలో కొంత తినేస్తాయి. నిలబడిన బండి బరువుతో కదులుతుందా లేదా అన్నది టార్కు, గేరు, వెనుక యాక్సిల్, టైరు ఎత్తు నాలుగూ కలిసి తేలుస్తాయి. కదిలిన బండి ఎత్తును ఎంత వేగంతో ఎక్కుతుందన్నది ఆ క్షణంలో అందుతున్న హార్స్‌పవర్ తేలుస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒకే అంకెతో జవాబు చెప్పాలనుకోవడం వల్లనే షోరూములో ఇన్ని తగాదాలు వస్తున్నాయి. మీ షోరూములో వచ్చిందని నేను అనడం లేదు.

మన వర్క్‌షాపు ఉన్న రోజుల్లో ఒక టిప్పరు వచ్చేది. నువ్వప్పుడు చిన్నపిల్లవు, దాని యజమాని తెచ్చిన రంగు పెన్సిళ్ల పెట్టె నీకు గుర్తుండి ఉండవచ్చు. ఆయన క్వారీలో రాయి తోలేవాడు. కొత్త బండి, పేరున్న ఇంజను, అయినా క్లచ్ ప్లేట్లు ఒకదాని వెంట ఒకటి కాలిపోయేవి. గేర్‌బాక్సు దించితే ఫ్లైవీలు మీద నీలం మచ్చలు, పట్టుకుంటే వేళ్లకు నల్లగా అంటుకునే పొడి, షెడ్డంతా కాలిన వాసన. అమ్మినవారి దగ్గరకు వెళితే, ఇంజను నిక్షేపంలా ఉంది, మీ డ్రైవరుకే క్లచ్ మీద కాలు పెట్టి నడిపే అలవాటుంది అన్నారట. ఆయన ముగ్గురు డ్రైవర్లను మార్చాడు. చివరికి, ఇంజనులోనే బలం లేదు, పంపు విప్పి డీజిలు పెంచండి అని నా మీద పడ్డాడు. డీజిలు పెంచితే పొగ పెరుగుతుంది, పిస్టన్లు కాలతాయి, క్లచ్ ఇంకా ముందే పోతుంది అని ఎంత చెప్పినా వినడు. ఆయనకు ఇంజను ఒక్కటే కనిపిస్తోంది. దాని వెనుక పన్నెండు అడుగుల దూరంలో ఉన్న యాక్సిల్ గురించి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నేను బండిని న్యూట్రల్‌లో పెట్టించి, వెనుక ఒక వైపు చక్రం మాత్రం జాకీతో లేపి, టైరు మీదా, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు మీదా సుద్దముక్కతో గీతలు గీశాను. ఒక్క వైపే లేపినప్పుడు, తిప్పుడును రెండు వైపుల చక్రాలకూ పంచే డిఫరెన్షియల్ మూలంగా ఆ చక్రాన్ని రెండు పూర్తి చుట్లు తిప్పాలి, అప్పుడే షాఫ్టు తిరిగిన చుట్లు అసలు నిష్పత్తికి, అంటే బండి నడిచేటప్పుడు చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లకు, సరిపోతాయి. కుర్రాడు చక్రం తిప్పుతుంటే ఆయనను బండి కిందకు వంగి లెక్కపెట్టమన్నాను. నాలుగు చుట్లూ, మీద కొంచెం. యాక్సిల్ మీద రేకు తుడిచి చూస్తే 37/9 అని ఉంది, అంటే 4.11. నున్నటి హైవే మీద సరుకు తోలే బండికి పెట్టే యాక్సిల్ అది. రాళ్ల గుంటలోంచి పైకెక్కే టిప్పరుకు 41/6, అంటే 6.83 వంటిది ఉండాలి. ఇంజను అదే, గేర్‌బాక్సు అదే, కాని చక్రం దగ్గర లాగే బలంలో మూడింట రెండు వంతుల తేడా. ఆ లోటును డ్రైవరు క్లచ్‌ను అరగదీసి భర్తీ చేసేవాడు. అమ్మినాయన ఈ బండి స్పీడు ఎక్కువ, మైలేజీ ఎక్కువ అని చెప్పాడట. ఆ మాట అబద్ధం కాదు, ఆ మాట వర్తించే చోటు వేరు. ఆ అమ్మినాయన మోసగాడని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు. యాక్సిల్‌లోని పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, మార్చాక బండి పరుగు తగ్గింది. మొదట ఆయన దానికీ గొణిగాడు. తరువాత క్లచ్ పని మీద మళ్లీ రాలేదు గనుక మనకు ఆ బేరం పోయిందని మీ అమ్మ నవ్వేది.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, నీ మీద కేకలు వేసిన ఆ లారీ ఆయనను నువ్వు ఏమేమి అడిగి బండి ఇచ్చావో తెలుసుకోవాలని. ఏం లోడు, ఎంత దూరం, ఎలాంటి దారి, రోజులో ఇంజను ఎంతసేపు నిలబడి తిరుగుతుంది అన్న నాలుగూ అడిగావా? సూరి చెప్పినదాన్ని బట్టి చూస్తే ఆ బండి ఒక గోదాము నుంచి మరో గోదాముకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగేదిలా ఉంది, లోడు దించేంతసేపూ ఇంజను ఆపరట. అదే నిజమైతే ఆ దీపం డీపీఎఫ్ అనే పొగ ఫిల్టరుది అయి ఉండడానికే ఎక్కువ అవకాశముంది. పొగలోని మసిని ఆ ఫిల్టరు పట్టి ఉంచుతుంది, సుమారు 600 డిగ్రీల వేడి వస్తే దాన్ని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. చిన్న చిన్న ట్రిప్పుల్లో, బండి నిలబడి ఇంజను తిరిగే ఐడిలింగులో ఆ వేడి రాదు. ఆ మసి కాల్చుకోవడం, అంటే రీజనరేషన్, మొదలైన ప్రతిసారీ డ్రైవరు తాళం తీసేస్తుంటే మసి పేరుకుపోయి, చివరికి ఇంజను కంప్యూటరే శక్తిని తగ్గించి వేస్తుంది. అది ఇంజను బలహీనత కాదు, ఇంజను తనను తాను కాపాడుకోవడం. మంచి డ్రైవరుకూ ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి. ఆ చెప్పవలసింది నువ్వా, డెలివరీ ఇచ్చినవారా అన్నది నాకు తెలియదు గాని, కేకలు మాత్రం ఎదురుగా కనిపించినవారి మీదే పడతాయి.

ఉపదేశం చేయకూడదనుకుంటూనే చేస్తున్నాను, అయినా ఇది విను. సర్వీసువారిని ముందు కంప్యూటరు పెట్టి మసి ఎంత నిండిందో చూడమను. హద్దులో ఉంటే బండిని ఆరుబయట, ఎండుగడ్డి లేని చోట నిలబెట్టి రీజనరేషన్ చేయించమను. ఆ తరువాత ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడమను. మట్టం పై గీత దాటి కనిపిస్తే ఆయిల్ తగ్గలేదని సంతోషించకూడదు. వేడి కోసం ఆలస్యంగా చిమ్మిన డీజిలు సిలిండరు గోడల మీదుగా జారి ఆయిల్‌లో కలుస్తుంది, పల్చబడిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది. వేసిన ఆయిల్ ఏ తరగతిదో కూడా అడుగు. ఇటువంటి బండికి బూడిద తక్కువగా ఉండే సీజే-4, సీకే-4 వంటివి వేయాలి. మసి కాలిపోతుంది గాని బూడిద కాలదు, ఫిల్టరులోనే ఉండిపోతుంది. డెఫ్ డబ్బా పట్టుకుని ఎవరైనా దీన్ని డీజిలులో కలపాలా అని అడిగితే నవ్వవద్దు. అది నీళ్లలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవమనీ, సైలెన్సరు వైపు పొగలోకి చిమ్మేదే తప్ప ఇంజనులోకి వెళ్లేది కాదనీ, డీజిలు ట్యాంకులో పడితే పంపూ ఇంజెక్టర్లూ పోతాయనీ ఓపికగా చెప్పు. మీ సేల్సువారిలోనే దాన్ని ‘ఆయిల్’ అనేవారుంటారు, వారికీ చెప్పు.

టర్బో గురించి కూడా మీవారు ఏదేదో చెబుతుంటారు. టర్బో శక్తిని పుట్టించదు, గాలిని ఎక్కించి ఎక్కువ డీజిలు కాలడానికి చోటు చేస్తుంది. అది తిరిగేది ఇంజను వదిలే పొగ తోపుతోనే, అందుకే కింది ఆర్‌పీఎంలో యాక్సిలరేటరు తొక్కినా బండి కాసేపు బద్ధకిస్తుంది. సీసీ ఎక్కువైతే బలం ఎక్కువన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు, ఒకే ఇంజను దిమ్మెను కంప్యూటరులో అమరిక మార్చి రెండు మూడు రకాల హార్స్‌పవర్లతో అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. దిగుడులో న్యూట్రల్ కొడితే మైలేజీ వస్తుందని మాత్రం ఎవరికీ చెప్పవద్దు. గేరులో ఉండి కాలు తీస్తే ఈ కాలపు ఇంజనుకు డీజిలు పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లోనే ఐడిలింగుకు కాలుతుంది. పైగా డీజిలు ఇంజనులో, పెట్రోలు ఇంజనులోలా గాలిని అడ్డగించి వేగం అదుపు చేసే మూత ఉండదు గనుక దాని సొంత బ్రేకింగ్ తక్కువ, అందుకే పొగ పోయే దారిని మూసి ఇంజనును నెమ్మదింపజేసే ఎగ్జాస్టు బ్రేకు పెట్టారు. న్యూట్రల్‌లో ఆ కాస్తా పోయి బరువంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. అమ్మకం కోసం చెప్పిన ఒక్క మాట దిగుడులో ప్రాణం తీయగలదు.

ఒకవేళ ఆయనకు నువ్వు ఇవన్నీ చెప్పి, ఆయనే వినకపోయి ఉంటే, చెప్పినట్టు కాగితం ఏదైనా ఉందా? ఉంటే నకలు నీ దగ్గర పెట్టుకో. నువ్వు చెప్పబోతుంటే మీ పైవాళ్లు ‘బేరం చెడుతుంది, ఊరుకో’ అని ఉంటే ఆ సంగతి కూడా వ్రాయి, నేను ఎవరితోనూ అనను. ఆయన అరిచిన మాటలకు నువ్వు ఇంటికి వెళ్లి అన్నం మానేసి ఉంటావని నాకు తెలుసు, పదో తరగతి నుంచీ నీకదే అలవాటు. నీ తప్పు ఉంటే దిద్దుకోవచ్చు, లేకపోతే అసలు మానవలసిన పనే లేదు. ఇకనుంచి ఎవరైనా ‘ఎన్ని హార్సులు’ అంటే అంకె చెప్పడానికి ముందు ‘మీరు ఏం తోలతారండీ’ అని అడుగు. దానితో ఒకరిద్దరు పక్క షోరూముకు పోవచ్చు, పోనీ.

ఆ బండి ఇంజను ప్లేటు, యాక్సిల్ రేకు, కంప్యూటరులో వచ్చిన కోడ్ మూడూ ఫొటో తీసి ఈ వారంలో పంపు. రీజనరేషన్ జరుగుతుండగా సైలెన్సరు గొట్టం దగ్గర నిలబడవద్దు, అక్కడి గాలి ఒళ్లు కాలుస్తుంది. క్యాబిన్ ఎత్తి చూపించేటప్పుడు జడ ముడి వేసుకో, తిరుగుతున్న ఫ్యాను దగ్గరకు అసలు వంగవద్దు. నేను చెప్పినవి సర్వీసువారు ఒప్పుకోకపోతే ఆ ఫోను నాకు కలుపు, నేను మాట్లాడతాను. నీకు అది నామోషీ అనిపిస్తే వద్దులే, నువ్వే మాట్లాడు, కాని ఏమన్నారో ఆ రాత్రికే నాకు చెప్పు.

ఇట్లు,
నాన్న