పంటు మీద బావ చెవి

ఒరేయ్ కంపాసూ,

తిట్టుకో, ఎంత తిట్టుకున్నా పడతాను. నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. ఇక్కడ అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, కొబ్బరికి రేటు లేదు, మన నూతిగట్టు కూలిపోయింది. ఊరి కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి బావది.

బావ సబ్‌మెరైన్‌లో సోనార్ మీద చేస్తాడని తెలుసుగా. హెడ్‌ఫోన్ పెట్టుకుని, నీళ్ళలో వినపడేది సరుకు ఓడో యుద్ధనౌకో చెప్పాలి. ప్రొపెల్లర్ లయ పట్టుకుని రెక్కలెన్నో లెక్కేస్తాడు. నువ్వు నమ్మక రేవులో ఆయన కళ్ళకి తువ్వాలు కట్టి పందెం వేశావు, ఓడిపోయి ఆ రోజు నువ్వు చేసిన ఘనకార్యం ఇక్కడ రాయనులే, మీ ఆవిడ చదువుతుంది.

మొన్న వరద తగ్గి గోదావరి దాటించే పంటు మళ్ళీ వేశారని సఖినేటిపల్లి రేవులో ఎక్కాం, నరసాపురం వెళ్దామని. చిన్నోడు అలవాటుగా "నాన్నా, ఆట!" అంటూ బావ కళ్ళు మూసేశాడు. వెనకాల ఏదో పడవ వస్తోంది. ఇదివరకైతే క్షణంలో "ఇంజన్లో ఫలానాది పోయింది" అనేసేవాడు. ఈసారి తల వంచి విన్నాడు, మళ్ళీ విన్నాడు, "రెండు పడవలు" అన్నాడు.

ఒకటే రా. రెండోది మా పంటు ఇంజనే! సొంత ఓడ చప్పుడు పక్కన పెట్టి వినడం వాళ్ళకి ఓనమాలు. పిల్లలు పకపకా నవ్వారు, అక్కా నవ్వింది. బావ మాత్రం టికెట్లు మడతపెడుతూ కూర్చున్నాడు.

రెండు నెలల టీడీ, అదే టెంపరరీ డ్యూటీ అని బావని పంపి ఎనిమిది నెలలు ఉంచేశారట. ఏం పనిరా అంటే, ఒక గేటు దగ్గర పాసులు చూసి రిజిస్టర్లో రాయించడం! అక్కడ సబ్‌మెరైన్‌లో ముగ్గురు వంతులేసుకునే వాచ్ డ్యూటీ ఇద్దరి మీద పడింది, కొత్త కుర్రాడికి పక్కన కూర్చుని ఈ చప్పుడు ఫలానా అని చెప్పేవాడు లేడు. ఈయన తిరిగి వెళ్ళినా ఒంటరిగా కూర్చోనివ్వరు, మళ్ళీ పరీక్ష. పరీక్ష పెట్టేది ఎవరో తెలుసా, ఈయన దగ్గర నేర్చుకున్నవాడే. అది తలుచుకుంటే నాకే... సర్లే.

అమెరికా వాళ్ళూ ఇలాంటిది చేశారట. 2006లో, విమానాల్లోంచి రాడార్లని జామ్ చేసే నేవీ వాళ్ళని ఇరాక్‌లో ఆర్మీకి అప్పిచ్చారు, రోడ్డు పక్కన రిమోట్ బాంబులు పేలకుండా జామర్లు చూడ్డానికి. "అదైనా వాళ్ళ విద్యే కదరా, పాసుల్లో నా విద్య ఎక్కడుంది" అన్నాడు బావ. అమ్మ ఊరుకోదుగా, 1986 వరద ఎత్తుకుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, హెలికాప్టర్లోంచి పొట్లాలు, అప్పుడు ఎవరి పని ఎవరు చూశారు అంటుంది. "వరదకైతే నేనే ముందు దూకుతానత్తా, అది వారం పని" అన్నాడు.

ఇప్పుడు రోజూ రాత్రి అరుగు మీద కూర్చుని రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు వింటున్నాడు. నిన్న "ఏడు తిరుగుతున్నాయి" అన్నాడు. చూసొస్తానని టార్చి తీస్తే, వద్దని చెయ్యి పట్టుకున్నాడు. నేను పొద్దున్నే వెళ్ళి

ఒరేయ్, పోస్టు సంచి మూడింటికి కట్టేస్తారు, రెండూ యాభై అయింది. మిగతాది తర్వాత.

నీ
తువ్వాలు