గురి చూసే చోట కూడా లైటు వేయించండి

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇండోర్ హాళ్లలో పిల్లలకు కాంపౌండ్ విల్లు, అంటే కొసల్లో కప్పీలుండే విల్లు, నేర్పే కోచ్‌ని. ఈ హాళ్లలో టార్గెట్ల మీద లైట్లు బాగానే వేస్తున్నారు. ఆర్చర్ నిలబడే షూటింగ్ లైన్ దగ్గర మాత్రం మసకే. బాణం తగిలే చోట వెలుతురుంటే చాలదా అని కాంట్రాక్టర్లు అడుగుతారు. చాలదండీ.

కాంపౌండ్ విల్లు నారిలో కంటికి ఎదురుగా చిన్న రంధ్రం ఉన్న బిళ్ల ఒకటి ఉంటుంది. దాన్ని పీప్ అంటాం. నారి పూర్తిగా లాగినప్పుడు ఆ రంధ్రంలోంచి చూస్తే, విల్లుకు ముందు బిగించిన గుండ్రటి గురి అద్దం, అంటే స్కోప్, సరిగ్గా మధ్యలో కనబడాలి. రెండిటి మధ్య దూరం 85 సెంటీమీటర్లు అనుకుందాం. స్కోప్ పీప్ మధ్య నుంచి 1 మిల్లీమీటరు జరిగితే, 18 మీటర్ల అవతల బాణం సుమారు 2 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. ఇండోర్ పోటీల్లో కాంపౌండ్ వాళ్లకు పది పాయింట్లిచ్చే వలయం వ్యాసమే 2 సెంటీమీటర్లు. ఇక పది ఎక్కడ వస్తుంది?

మసకలో స్కోప్ నల్లటి అంచు వెనక గోడలో కలిసిపోతుంది. దేన్ని మధ్యకు తేవాలో కంటికి అందదు. పిల్లలు మెడ చాస్తారు, ముక్కుకు నారి తగిలే చోటు మారిపోతుంది, బాణం వదలాల్సిన క్షణం దాటి చెయ్యి వణుకుతుంది. చూసేవాళ్లు టెన్షన్ అంటారు గానీ, చాలాసార్లు గొడవ వెలుతురుదే.

మా తిప్పలు మేం పడుతున్నాం. పీప్ రంధ్రం వ్యాసం రెట్టింపు చేస్తే దాదాపు నాలుగింతల వెలుతురు వస్తుంది. కానీ స్కోప్ చుట్టూ ఖాళీ పెరిగి, మధ్య ఎక్కడో అంచనా తప్పుతుంది. అందుకే చుట్టూ సన్నటి వెలుతురు గీత మాత్రమే మిగిలే సైజు వెతుక్కుంటాం. స్కోప్ అంచుకు లేత రంగు టేపు అంటిస్తాం. లాగినప్పుడు పీప్ పక్కకు తిరిగితే గుండ్రటి రంధ్రం కోడిగుడ్డులా కనబడి, ఉన్న కాస్త వెలుతురూ తగ్గుతుంది. అప్పుడు నారి మెలి సరిచేస్తాం. బ్యాటరీ లైటున్న సైట్ (గురి చూసే పరికరం) కొనుక్కోవచ్చుగా అంటారు కొందరు. అంతర్జాతీయ పోటీల్లో ఎలక్ట్రానిక్ సైట్లు కుదరవు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ ఉంది. పిల్లల్ని రూల్స్ ప్రకారమే తయారుచేయాలి కదా!

హాళ్ల టెండర్లలో 'షూటింగ్ లైన్ వెలుతురు' అని విడిగా రాయించండి. లైట్లు ఆర్చర్ తలకు కాస్త వెనక, పైన ఉండాలి, కళ్లలో కొట్టకూడదు. ఎడమచేతి వాళ్లూ ఉంటారు కాబట్టి రెండు వైపులా పడాలి. టార్గెట్ వెనక గోడకు మెరవని లేత రంగు వేయించండి.

హాలు అప్పగించే ముందు తనిఖీకి వచ్చే ఇంజినీరు గారిని లైన్ మీద కూడా వెలుతురు కొలవమనండి. ఆ రోజు విల్లు మేం తెస్తాం, పీప్‌లోంచి ఆయనే చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక విలువిద్య కోచ్